మొండికేసిన బండి

పిల్లలూ! కారు నడపడం అందరికీ తెలియకపోవచ్చు. కాని కదలని కారు చుట్టూ నలుగురు చేరి తలొక మాట చెప్పడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ నాలుగు మాటల్లో నిజమేదో తేల్చడానికి ఒక పద్ధతి ఉన్నది. ఈ పాఠంలో ఆ పద్ధతిని తెలుసుకుందాం.

తెల్లవారుజామున వీధిలో ఒక పాతకారు గిర్రు గిర్రుమని తిరిగి, అందుకోలేక ఆగిపోయింది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. "బ్యాటరీ పోయింది" అన్నాడొకడు. "ప్లగ్గులు మార్చాలి" అన్నాడింకొకడు. "తోస్తే అదే స్టార్టవుతుంది" అన్నాడు మూడోవాడు. వీరిలో ఎవరూ ఇంకా బానెట్టు ఎత్తి చూడలేదు. నాడి పట్టకుండా మందిచ్చే వైద్యుడి దగ్గరకు మనం వెళ్ళం కదా! బండి విషయంలో మాత్రం అటువంటి వైద్యానికే డబ్బు తగలేస్తుంటాం.

అసలు పెట్రోలు ఇంజను నడవడానికి ఏమేమి కావాలి? గాలితో తగుపాళ్ళలో కలిసిన పెట్రోలు ఆవిరి కావాలి. ఆ మిశ్రమాన్ని సిలిండరులో గట్టిగా అదిమే పిస్టను కావాలి. అదిమిన మిశ్రమాన్ని సరైన క్షణంలో ముట్టించే నిప్పురవ్వ కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఇంజను పలకదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మండేది ద్రవరూపంలో ఉన్న పెట్రోలు కాదు, దాని ఆవిరి. తూకం లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్ళ గాలి ఉంటే మిశ్రమం చక్కగా మండుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పోసిన పెట్రోలంతా ఆవిరి కాదు, కొంత గొట్టాల గోడలకే అంటుకుపోతుంది. అందువల్ల ఉదయంపూట ఇంజనుకు గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువగా అందించాలి. డ్రైవరు దగ్గర 'చోక్' అనే చిన్న పిడి ఉండేది ఇందుకే. దాన్ని లాగితే కార్బురేటరు గొంతులో ఒక రేకు అడ్డుపడి గాలిని తగ్గిస్తుంది.

మనం మాట్లాడుకుంటున్నది కార్బురేటరు ఉన్న పాతకార్ల గురించి. 1950ల చివర బెంగాలులోని ఉత్తరపారాలో తయారీ మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడరు, బొంబాయిలోని కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని, 1983లో వచ్చిన తొలినాటి మారుతి 800 ఈ కోవకు చెందినవి. బొంబాయి వీధుల్లో నలుపూ పసుపూ రంగులు పులుముకొని తిరిగిన పద్మిని టాక్సీల కాలం 2023 అక్టోబరుతో తీరిపోయింది. ఇప్పటి కార్లలో కార్బురేటరు లేదు. ట్యాంకులోని విద్యుత్ పంపు పెట్రోలును పంపుతుంది, ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. అయినా పాతకారును గురించి చదవడం వృథా కాదు. దానిలో ప్రతి పనినీ కంటితో చూడవచ్చు, చెవితో వినవచ్చు, చేత్తో పట్టి పరీక్షించవచ్చు.

పెట్రోలు నడిచే దారి ఇది. కారు వెనుకభాగంలో ఉన్న ట్యాంకు నుంచి సన్నని లోహపు గొట్టం ఇంజను దాకా వస్తుంది. కదిలే చోట్ల రబ్బరు గొట్టపు ముక్కలు అతుకుతారు. దారిలో ఒక ఫిల్టరు మట్టిని ఆపుతుంది. ఇంజను పక్కన బిగించిన పంపులో ఒక పలచని పొర ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే ఒక మీట ఆ పొరను కిందికి లాగుతుంది, స్ప్రింగు పైకి నెడుతుంది. పొర కిందికి దిగినప్పుడు పెట్రోలు పంపులోకి వస్తుంది, పైకి లేచినప్పుడు కార్బురేటరుకు పోతుంది. కొన్ని పంపులకు చేత్తో ఆడించడానికి కూడా ఒక చిన్న మీట ఉంటుంది.

కార్బురేటరులో మొదట ఒక చిన్న గిన్నె ఉన్నది. దానిలో పెట్రోలుపై తేలే బుడ్డి ఒకటి ఉంటుంది. మేడమీది నీళ్ళ ట్యాంకులో బంతి పైకి లేచి నీటిని ఆపినట్లే, గిన్నె నిండగానే ఈ బుడ్డి పైకి లేచి ఒక సూదిని రంధ్రంలోకి నెట్టి పెట్రోలును ఆపుతుంది. గిన్నెలోని పెట్రోలు 'జెట్టు' అనే సన్నని ఇత్తడి రంధ్రాల గుండా పైకి వచ్చి, లోపలికి పరుగెత్తే గాలిలో తుంపరలై కలిసిపోతుంది.

ఇక లోపం వెదకడం ఎలా? మొట్టమొదట చేయవలసిన పని వినడం. తాళం తిప్పితే 'సెల్ఫ్' చురుగ్గా తిరుగుతున్నదా, ఈడ్చుకుంటూ తిరుగుతున్నదా, 'టక్' మని ఊరుకున్నదా? సరిగ్గా తిరగకపోతే పెట్రోలు జోలికి పోనక్కర లేదు. బ్యాటరీని, దాని కొనలపై పేరుకున్న తెల్లని పొట్టును, వదులైన వైర్లను చూడాలి. పూర్తిగా చార్జి అయి విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు అది తొమ్మిదిన్నరకు దిగువకు పడిపోతుంటే లోపం ఆ వైపే ఉన్నదని అనుమానించాలి.

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ కూడా ఇంజను అందుకోకపోతే ప్రశ్న మారుతుంది. అందనిది రవ్వా, పెట్రోలా? దీనికి జవాబు ప్లగ్గే చెబుతుంది. కాసేపు సెల్ఫ్ కొట్టి ప్లగ్గు విప్పి చూడాలి. అది పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిసి వాసన కొడుతుంటే పెట్రోలు వస్తున్నది కాని మండడం లేదు; అంటే రవ్వ లేదు, లేదా పెట్రోలు మితిమీరి వచ్చింది. బాగా నడిచే ఇంజను ప్లగ్గు బిస్కట్ రంగులో ఉంటుంది. మసి పట్టి నల్లగా ఉంటే చాలాకాలంగా పెట్రోలు ఎక్కువవుతున్నదని, తెల్లగా కాలిపోయినట్లుంటే గాలి ఎక్కువవుతున్నదని చెప్పవచ్చు. ఇంత చిన్న వస్తువు ఇన్ని కబుర్లు చెబుతుంటే, దాన్ని చూడకుండానే విప్పి పారేసి కొత్తది బిగించే వారిని ఏమనాలి!

పెట్రోలు రావడం లేదని తేలిందనుకుందాం. అప్పుడు దారి వెంట ఒక చివర నుంచి రావాలి. ట్యాంకులో పెట్రోలు ఉన్నదా? డ్రైవరు ముందున్న ముల్లును పూర్తిగా నమ్మరాదు. పాతబండ్లలో అది అబద్ధాలు చెప్పడం మామూలే. ట్యాంకు మూతలో గాలి దూరే సన్నని దారి మూసుకుపోయి ఉండవచ్చు. అట్లా అయితే లోపలి పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటికి గాలి చేరదు, చివరికి పంపు లాగినా పెట్రోలు కదలదు. బండి కొంతదూరం చక్కగా వెళ్ళి ఆగిపోతుంది. మూత తిప్పగానే 'హుస్' మని గాలి లోపలికి పోయి, బండి మళ్ళీ నడిస్తే దొంగ దొరికినట్లే. ఆ తరువాత ఫిల్టరు, ఆ తరువాత పంపు. పంపు నుంచి కార్బురేటరుకు వెళ్ళే గొట్టాన్ని విప్పి ఒక సీసాలో ఉంచి, రవ్వ పుట్టకుండా కాయిలు మధ్యవైరును తీసి ఇంజను లోహానికి ఆనించి, సెల్ఫ్ కొట్టిస్తే పెట్రోలు ఆగి ఆగి బలంగా చిమ్మాలి. నీరసంగా కారితే పంపుకు గాని, పంపుకు వెనుక ఉన్న దారికి గాని జబ్బు ఉన్నది. ఈ 'గాని'లోనే అసలు కిటుకు ఉన్నది. ఒక ఉదాహరణ చూద్దాం.

బరంపురంలో ఒక పెద్దాయన దగ్గర పాత అంబాసిడరు ఒకటి ఉన్నదనుకుందాం. దాన్ని పువ్వులతో అలంకరించి పెళ్ళిళ్ళకు అద్దెకిస్తాడు. సంవత్సరంలో ముహూర్తాలున్న ఆ కొద్దిరోజులే ఆయనకు రాబడి. పెళ్ళికొడుకు ముస్తాబై నిలబడ్డాక బండి కదలకపోతే ఆ వీధిలో మరొకరు ఆయనను పిలవరు. అటువంటి బండి ఉదయాన్నే మొండికేయడం మొదలుపెట్టింది. ఒకరి మాట విని బ్యాటరీ కొన్నాడు. మరొకరి మాట విని ప్లగ్గులు మార్చాడు. మూడోవారి మాట విని కొత్త పంపు వేయించాడు. బండి మాత్రం అట్లాగే ఉన్నది. చివరికి ఒక మేస్త్రి దగ్గరకు తీసుకువెళ్ళాడు.

మేస్త్రి బానెట్టు ఎత్తలేదు. ముందు స్టూలు వేసి ఆయనను కూర్చోబెట్టాడు.

"తాతగారూ! బండి ఎప్పుడు మొండికేస్తున్నది? రోజూనా, ఎప్పుడైనానా?"

"పొద్దున్నే బాబూ. ఒకసారి అందుకున్నదంటే సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఆపినా వెంటనే పలుకుతుంది."

"ఒక్కరాత్రి నిలిపితే ఎంత సేపు, నాలుగురోజులు నిలిపితే ఎంత సేపు?"

"ఒక్కరాత్రికైతే కాస్త సేపే. నాలుగురోజులు నిలిపితేనే ప్రాణం తీస్తుంది. బ్యాటరీ అడుగంటే దాకా తిప్పాలి."

ఈ రెండు జవాబులతో సగం పని అయిపోయింది. రోజంతా వెంటనే పలికే బండిలో రవ్వకూ పిస్టన్లకూ పెద్ద జబ్బు ఉండదు. నిలిపిన కాలం పెరిగేకొద్దీ బాధ పెరుగుతున్నదంటే, నిలిచి ఉన్నప్పుడు ఏదో ఖాళీ అవుతున్నదన్నమాట.

మేస్త్రి బండిని షెడ్డులోనే నాలుగురోజులు ఉంచమన్నాడు. అయిదోరోజు ఉదయం సెల్ఫ్ కొట్టకుండా కార్బురేటరుపై ఉన్న గాలి డబ్బాను విప్పాడు. యాక్సిలరేటరు తీగను చేత్తో లాగుతూ గొంతులోకి చూశాడు. గిన్నెలో పెట్రోలు ఉంటే లాగిన ప్రతిసారీ లోపల సన్నని ధార చిమ్మాలి. చిమ్మలేదు. అంటే గిన్నె ఖాళీ. కొన్నిరోజులు నిలిచిన బండిలో గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోవడం విచిత్రం కాదు. దారంతా నిండి ఉంటే పంపు దాన్ని కొద్దిసేపట్లోనే నింపేస్తుంది. కాని ఇక్కడ అంతసేపు ఎందుకు పడుతున్నది?

కుర్రాడు పంపు మీటను చేత్తో ఆడిస్తుంటే మేస్త్రి ట్యాంకు వైపున్న ప్లాస్టిక్ ఫిల్టరును చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు అందులోకి ఏమీ రాలేదు. తరువాత బుడగలు బుడగలుగా గాలి, దాని వెంట పెట్రోలు వచ్చాయి. గిన్నె నిండాక తాళం తిప్పితే ఇంజను వెంటనే అందుకున్నది. దీనితో బ్యాటరీ, ప్లగ్గులు, రవ్వ అన్నీ నిర్దోషులని తేలింది.

"గురువుగారూ! గొట్టం ఎక్కడో కారుతున్నదేమో. కాని కింద చుక్క కూడా పడలేదే!" అన్నాడు కుర్రాడు.

"పడదురా. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న గొట్టంలో పెట్రోలును నెట్టేవారు లేరు, లాగేవారే ఉన్నారు. ఆ దారిలో చిల్లు పడితే పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి ఆగాక ఆ గాలి చోటిస్తే గొట్టంలోని పెట్రోలంతా వెనక్కి జారి ట్యాంకులో పడుతుంది."

అనుమానం బలంగా ఉన్నా మేస్త్రి అంతటితో తీర్పు చెప్పలేదు. పాతదారిని విడదీసి, చిన్న డబ్బాలో పెట్రోలు పోసి, కొత్త రబ్బరు గొట్టంతో నేరుగా పంపుకు కలిపాడు. మళ్ళీ నాలుగురోజులు ఆగాడు. ఈసారి బండి నాలుగైదు తిప్పులకే పలికింది. అప్పుడు వెనుక చక్రాల మధ్య దూరి ట్యాంకు దగ్గరి రబ్బరు ముక్కను వంచి చూశాడు. వెంట్రుకవంటి బీట కనిపించింది. జానెడు గొట్టం మార్చాడు. ఆ గొట్టం ఖరీదు కొత్త పంపు ఖరీదులో ఏ మూలకూ రాదు. పాత పంపును పారేయక దాచుకొమ్మని కూడా చెప్పాడు, దానిలో లోపమేమీ లేదు మరి.

అన్ని బండ్లూ ఉదయమే మొండికేయవు. బళ్ళారి, షోలాపురం ఎండల్లో మధ్యాహ్నం ఆపిన బండి పావుగంట తరువాత పలకకపోవచ్చు. పెట్రోలులో తేలికైన భాగాలు నలభై డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి. ఇంజను వేడికి గొట్టంలోనో పంపులోనో పెట్రోలు ఆవిరైతే, ద్రవాన్ని నెట్టడానికి చేసిన పంపు ఆ ఆవిరిని నెట్టలేక వృథాగా ఆడుతుంది. పాత డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ కప్పేవారు. గుడ్డలోని నీరు ఆవిరవుతూ పంపు వేడిని తీసుకుపోతుంది. మట్టికూజాలో నీరు చల్లబడే సూత్రమే ఇది. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు మరొకటి ఉన్నది. వేడికి గిన్నెలోని పెట్రోలు మరిగి పొంగి ఇంజనులోకి దిగిపోతుంది. అప్పుడు చోక్ లాగడం, యాక్సిలరేటరును పదేపదే తొక్కడం రెండూ తప్పే. తొక్కిన ప్రతిసారీ మరికొంత పెట్రోలు చిమ్ముతుంది. పెడలును నేలదాకా ఒక్కసారి తొక్కిపట్టి, సెల్ఫ్ కొడితే గాలి ఎక్కువగా దూరి ఆ తడి ఆరుతుంది. రెండు జబ్బులూ వేడిలోనే వస్తాయి, బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో చెప్పేది మళ్ళీ ఆ ప్లగ్గే. మొదటిదానిలో పొడి, రెండోదానిలో తడి.

సూది కింద మట్టిరేణువు చేరినా, తేలే బుడ్డికి చిల్లుపడి లోపలికి పెట్రోలు చేరినా గిన్నె పొంగుతూనే ఉంటుంది. ఇత్తడి బుడ్డిని చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంటుంది. దాన్ని వేడినీటిలో ముంచితే చిల్లున్న చోట బుడగలు వస్తాయి. జెట్టు మూసుకుపోతే గాలి ఊది శుభ్రం చేయాలి గాని తీగతో పొడవరాదు. ఇత్తడి మెత్తని లోహం, రంధ్రం పెద్దదైపోతే ఆ బండి జీవితాంతం పెట్రోలు తాగుతూనే ఉంటుంది.

పంపులోని పొర చినిగితే మరో ప్రమాదం. కొన్ని బండ్లలో పెట్రోలు బయటికి కారకుండా ఇంజను ఆయిలులోకి దిగుతుంది. ఆయిలు కొలిచే కడ్డీపై మట్టం పెరగడం, పెట్రోలు వాసన రావడం దాని గుర్తులు. పలచబడిన ఆయిలుతో నడిపితే ఇంజనే అరిగిపోతుంది. ఆయిలు తగ్గితే కంగారుపడతాం, పెరిగితే సంతోషిస్తాం. ఇక్కడ పెరగడమే చేటు.

పెట్రోలు కూడా మారింది. మనదేశంలో దానిలో కలిపే ఇథనాలు 2022 నాటికి నూటికి పదిపాళ్ళకు, 2025 నాటికి ఇరవై పాళ్ళకు చేరింది. ఇథనాలు తేమను పీలుస్తుంది. తేమ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు విడిపోతాయి. పాత రకం రబ్బరు గొట్టాలను, పంపు పొరలను అది ఉబ్బింపజేయవచ్చు. ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని కూడా కదిలించి ఫిల్టరుకు పంపుతుంది. కాబట్టి పాతకారు ఉన్నవారు ఇథనాలుకు తట్టుకొనే గొట్టాలు వేయించుకోవాలి, ఎక్కువకాలం నిలిపి ఉంచరాదు.

షెడ్డు భాష గురించి ఒక మాట. 'సెల్ఫ్ స్టార్టరు'లోని సగం మాట తీసి 'సెల్ఫ్' అన్నారు, తెలుగు క్రియ చేర్చి 'సెల్ఫ్ కొట్టు' అన్నారు. 'చోక్ లాగు' అంటే పిడిని లాగమని, 'జెట్టు చోకయింది' అంటే రంధ్రం మూసుకుపోయిందని. ఒకే మాట నామవాచకంగా ఒక అర్థం, క్రియగా మరొక అర్థం తెచ్చుకున్నది. పుస్తకాల్లో లేకపోయినా ఇవి పనిచేసే మాటలు, పనివారు చేసుకున్న మాటలు.

మీరు ఎవరి షెడ్డులోనైనా నిలబడి చూసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. కనిపించకుండా నేలబారుగా పాకి, గుంటల్లో నిలిచి, దూరాన ఉన్న బీడీ నిప్పుకైనా అంటుకోగలదు. ఇంజను పలకడానికి కార్బురేటరు గొంతులో సీసాతో పెట్రోలు పోసే అలవాటు చాలాచోట్ల ఉన్నది. మంట వెనక్కి తన్నితే చేతిలోని సీసానే అంటుకుంటుంది. మండే పెట్రోలుపై నీళ్ళు పోయరాదు, మంట నీటిపై తేలి వ్యాపిస్తుంది. ఇసుక గాని, పొడి చల్లే అగ్నిమాపకం గాని వాడాలి. గొట్టాన్ని నోటితో పీల్చి పెట్రోలు తీయడం మరీ ప్రమాదం. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికి రావచ్చు. పొరపాటున మింగినవారిచేత వాంతి చేయించరాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

అర్థాలు

మేస్త్రి = పనిలో ఆరితేరినవాడు
మట్టం = ద్రవం నిలిచే ఎత్తు
మడ్డి = అడుగున పేరుకొనే మురికి
జానెడు = చాచిన బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొన వరకు గల కొలత
చేటు = కీడు

ప్రశ్నలు

1. చల్లని ఇంజనుకు చోక్ ఎందుకు అవసరం?
2. ట్యాంకు వైపు గొట్టంలో బీట ఉన్నా పెట్రోలు చుక్క కూడా కారలేదు. ఎందువల్ల?
3. బీట కళ్ళారా చూడకముందే మేస్త్రి డబ్బాతో పరీక్ష ఎందుకు చేశాడు? ఆ పరీక్ష చేయకపోతే ఏ అనుమానం మిగిలి ఉండేది?
4. ఒక కారు అయిదు మైళ్ళు నడిచి ఆగుతుంది. పది నిమిషాల తరువాత మళ్ళీ నడుస్తుంది. ట్యాంకు మూత లోపమా, వేడివల్ల వచ్చిన లోపమా తేల్చడానికి మీరు ఏ పరీక్ష చేస్తారు?
5. పెద్దాయన, మేస్త్రి మాట్లాడుకున్న తీరు గమనించి, మీ ఊళ్ళో ఒక సైకిలు షాపులో జరిగే సంభాషణ రాయండి. మీ ప్రాంతంలో ఆ పనివారు వాడే మాటలు కనీసం అయిదు చేర్చండి.

వ్యాకరణం

1. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి: ఏమేమి, మరొకరు, మొట్టమొదట, అన్నాడొకడు.
2. ఇంజను, కారు, పంపు, ప్లగ్గు – ఈ మాటలు తెలుగులోకి వచ్చినప్పుడు చివర ఏ అచ్చు చేరింది? ఇటువంటివి మరో పది రాయండి.